తాళం వేసిన ఇంటి రీడింగ్

మీటరక్క అసలు పేరు నీళ్ళ ఆఫీసు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు. ఇరవై నాలుగేళ్ళుగా ఆవిడ ఇల్లిల్లూ తిరిగి నీళ్ళ మీటర్లు చూసి రాస్తోంది. పిల్లలూ మీటరక్కే అంటారు, వాళ్ళ తాతలూ మీటరక్కే అంటారు. మొదట్లో చిరాకేసేది. పోనుపోను ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే, వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని ఆవిడే తిరిగి చూసేది.

చూసేవాళ్ళకి అది నడక ఉద్యోగం. అందులో కష్టం చేసేవాళ్ళకే తెలుస్తుంది. మీటరు ఎప్పుడూ మనిషికి అనువైన చోట ఉండదు. గేటు పక్క గుంటలో, ఇనప మూత కింద, ఒక్కోసారి ఎవరో పెట్టుకున్న పూలకుండీ కింద ఉంటుంది. కొక్కెం కడ్డీతో మూత లేపాలి, బొద్దింకలు చెదిరిపోయేదాకా ఆగాలి, తడిగుడ్డతో అద్దం తుడవాలి, మోకాళ్ళ మీద వంగి అంకెలు చదవాలి. ఈలోపు ఇంటివాళ్ళు బయటికొచ్చి, నీళ్ళు సన్నగా రావడానికి కారణం ఆవిడేనన్నట్టు నిలదీస్తారు. "నేను చూసేదాన్నే గానీ తిప్పేదాన్ని కాదమ్మా" అనేది మీటరక్క. ఆ మాట రోజుకి పదిసార్లు అనేది, పదిసార్లూ నవ్వుతూనే అనేది.

ఆ పనిలో ఉన్నవాళ్ళందరికీ ఏ ఇంట్లో కరిచే కుక్క ఉందో తెలుసు. మీటరక్కకి ఇంకొకటి కూడా తెలుసు. ఏ ఇంట్లో మరుగుదొడ్డి ఏ పక్కన ఉందో, ఏ ఇల్లాలు ఏమీ అడక్కుండా తలుపు తీస్తుందో ఆవిడకి కంఠతా వచ్చు. ఇరవై ఆరో ఏట పట్టుకున్న జబ్బు ఆ విద్య నేర్పింది. పెద్దపేగు లోపలి పొర పుండ్లు పడుతుంది. రోజుకి పది పదిహేనుసార్లు పరుగు, నెత్తురు, నీరసం. మందులకి మానుతుంది, మానినట్టే ఉండి మళ్ళీ రేగుతుంది. అల్సరేటివ్ కొలైటిస్ అని ఆసుపత్రివాళ్ళు రాశారు. "నా కడుపు గోల" అని ఆవిడ అనుకుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. ఒకటి రెండు సంబంధాలు వస్తే ఏదో వంక పెట్టి తనే తప్పించుకుంది. ఇంట్లో ఉన్నది తనూ తమ్ముడూ. తల్లి పోయేనాటికి వాడు పదేళ్ళవాడు. వాణ్ణి పెంచడంలో పడి తన సంగతి తీరిగ్గా చూసుకోవచ్చులే అనుకుంది, ఆ తీరిక రానేలేదు.

ఆ తమ్ముడే చిన్నోడు. పెద్దయ్యాక అదే ఆఫీసులో చేరి అవే మీటర్లు చూశాడు. ఊళ్ళో తూర్పు వీధులు అక్కవి, పడమటి వీధులు తమ్ముడివి. పెళ్ళయి రెండు వీధుల అవతల కాపురం పెట్టినా, నలభై దాటి నెత్తి మీద వెంట్రుకలు పలచబడినా, వాడు చిన్నోడే.

వాడికి ముప్ఫై ఏళ్ళప్పుడు ఒక పొద్దున్న డ్యూటీ సంచీతోనే వచ్చి అక్క ఇంటి మెట్ల మీద కూలబడ్డాడు.

"అక్కా, నాక్కూడా నెత్తురు పడుతోంది."

మీటరక్క చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేసింది. తనకొచ్చినప్పుడు ఏడవని మనిషి ఆ రోజు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, నోటుపుస్తకంలోంచి కాగితం చింపి, పడమటి వీధుల్లో ఏ ఇళ్ళలో అడగొచ్చో, ఏ ఇళ్ళలో చచ్చినా అడక్కూడదో రాసిచ్చింది. ఒకప్పుడు ఆ వీధులు కూడా ఆవిడే తిరిగింది. మూలమీద ఇంటి పెద్దావిడ చిన్నోడి కోసం వెనక వాకిలి గడియ తీసి ఉంచేది. "మీ అక్కకీ నేనే దిక్కు, నీకూ నేనే దిక్కా!" అని వేళాకోళం చేసేది. ఇద్దరూ అలా నెట్టుకొచ్చారు. మందులు ఇద్దరికీ పనిచేశాయి. చిన్నోడికైతే మరీ బాగా పనిచేశాయి, రెండేళ్ళలో వాడు జబ్బు సంగతే మర్చిపోయిన మనిషిలా తిరిగాడు.

డాక్టరమ్మ మాత్రం మర్చిపోలేదు. సన్నగా, కళ్ళద్దాలతో, చెప్పిందే మళ్ళీ చెప్పే ఓపిక ఉన్న మనిషి ఆవిడ. ఈ జబ్బు ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళ పేగులో గడ్డలు లేవచ్చనీ, అన్నీ చెడ్డవి కాకపోయినా కొన్ని కేన్సరుకి దారితీస్తాయనీ, అందుకే ఏటా పేగులోకి కెమెరా గొట్టం వేసి చూసుకోవాలనీ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"నాకు నొప్పే లేదు కదా డాక్టర్?" అన్నాడు చిన్నోడు.

"నొప్పి లేకపోతే పేగు బాగున్నట్టు కాదండీ. గడ్డ చెప్పి రాదు. మీరు బాగున్నప్పుడే చూడాలి."

చిన్నోడికి జబ్బు వచ్చిన ఎనిమిదో ఏట మొదటిసారి చూశారు. పేగు అద్దంలా ఉందన్నారు. వాడు బయటికొచ్చి అక్క చేతిలో చెయ్యేసి, "చూశావా, నీకంటే నా పైపులే నయం!" అన్నాడు.

ఇక్కడ నీళ్ళ ఆఫీసు వాడుక ఒకటి చెప్పాలి. మీటరు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఇల్లు తాళం వేసి ఉంటే, పుస్తకంలో 'తాళం' అని రాసి, గతంలో వచ్చిన రీడింగుల సగటు వేస్తారు. వరసగా రెండుసార్లు అలా వేయొచ్చు. మూడోసారి మాత్రం ఎలాగైనా తాళం తీయించి కళ్ళతో చూడాల్సిందే. కుర్ర రీడర్లు ఎండ ఎక్కువైతే తీసి ఉన్న ఇంటికి కూడా సగటు వేసేసి నీడలో కూర్చుంటారు. మీటరక్కకి ఆ మాటంటే ఒళ్ళు మంట. తాళం వేసిన ఇంటికి పొద్దున్న వెళ్ళి, మధ్యాహ్నం వెళ్ళి, సాయంత్రం మళ్ళీ వెళ్ళేది. ఒకసారి ఎవరో రెండుసార్లు సగటు వేసి వదిలిన ఇంటికి పక్కింటి గోడ మీంచి దిగి చూస్తే, మెట్ల కింద పైపు పగిలి చాప కింద నీరులా పునాదుల దాకా పాకి ఉంది. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆ కథ చెప్పేది. వాళ్ళు ఆవులించినా వదిలేది కాదు.

అలాంటి మనిషి.

ఆవిడ పేగులో గడ్డ కనబడింది నలభై ఏడో ఏట. మామూలుగా చూసుకోడానికే వెళ్ళింది. డాక్టరమ్మ పేగు లోపల నీలం రంగు చల్లి చూస్తే, గోరంత గడ్డ అంచులతో సహా తేలింది. దాని కిందికి సూదితో మందునీళ్ళు ఎక్కించగానే బొబ్బలా పైకి లేచింది. లేచింది కాబట్టి తీగ ఉచ్చు వేసి మొత్తం ఒకే ముక్కగా కోసి తీసేయగలిగారు. చెడు మొదలైంది గానీ లోతుకి దిగలేదని, అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయని పది రోజులకి కాగితం వచ్చింది. పేగు తీసేయక్కర్లేదన్నారు. ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకుంటే చాలన్నారు.

అయితే గడ్డ తీసిన మూడో రోజున కాస్త నెత్తురు పడి ఆవిడ వారం పాటు మంచం దిగలేదు. ఆ వారమంతా తూర్పు వీధులు కూడా చిన్నోడే తిరిగాడు. రీడింగులు పదిహేనో తేదీకల్లా అయిపోవాలి, ఇద్దరిలో ఒకరు సెలవు పెడితే రెండోవాళ్ళే మొయ్యాలి. వాడు గొట్టం వేయించుకోవాల్సిన తేదీ సరిగ్గా ఆ వారంలోనే పడింది.

గుంట మీది మూత లేపుతున్న చప్పుడు వినిపిస్తుండగా చిన్నోడు ఫోన్ చేశాడు.

"అక్కా, ఎల్లుండి నాది ఉంది కదా. రేపంతా కడుపు ఖాళీ చేసే ఆ మందునీళ్ళు తాగి ఇంట్లో కూర్చుంటే నీ వీధులు ఆగిపోతాయి. ఏం చెయ్యమంటావ్?"

మీటరక్క దిండుకి ఆనుకుని పడుకునుంది. తన గడ్డ పోయిందన్న సంతోషంలో ఉంది. వాడి పేగు పోయినేడు అద్దంలా ఉందన్నారు కదా అని కూడా అనిపించింది.

"నీకేం లేదుగా రా. ఈసారికి సగటు వేసెయ్" అంది.

వాడు పకపకా నవ్వాడు. ఆవిడా నవ్వింది. నవ్వితే పొట్ట లాగేసి, "చాల్లే, పెట్టెయ్" అంది.

మరుసటేడు ఆవిడ అడగను కూడా అడగలేదు. వాడే చెప్పాడు, "రెండోసారి కూడా సగటే అక్కా, ఆఫీసులో మనిషి తక్కువ" అని. ఆవిడ మనసు ఒక్క క్షణం కలుక్కుమంది. రెండుసార్లయితే పర్వాలేదులే అనుకుంది. డాక్టరమ్మ ఎప్పుడూ పర్వాలేదనలేదు. పర్వాలేదన్నది నీళ్ళ ఆఫీసు. పైపుకి రాసిన నియమాన్ని తమ్ముడి కడుపుకి రాసుకుంది, అదీ ఊరంతటికీ బుద్ధులు చెప్పే మనిషి! వాడు మాత్రం మూడో ఏడు మాట తప్పకుండా వెళ్ళాడు.

ఆ రోజు గది బయట బల్ల మీద మీటరక్కా, చిన్నోడి భార్యా కూర్చున్నారు. మరదలు బస్సు డిపోలో టికెట్ల కౌంటరు దగ్గర పనిచేస్తుంది. మాట తక్కువ మనిషి. అరగంటలో అయిపోతుందన్నది గంటన్నరైంది. ఇద్దరినీ లోపలికి పిలిచారు. చిన్నోడు మత్తు దిగి కుర్చీలో కూర్చునున్నాడు. డాక్టరమ్మ తెర మీద బొమ్మ చూపించింది. నీలం రంగు పరుచుకున్న పేగులో చదునుగా, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియని మచ్చ.

"కింద మందునీళ్ళు ఎక్కించినా ఇది లేవలేదు. పాత పుండ్లు మానిన చోట పేగు గట్టిపడి అతుక్కుపోయింది. అంచులు కూడా దొరకడం లేదు. అందుకని కొయ్యలేదు. చుట్టుపక్కల నుంచి ముక్కలు తీసి పరీక్షకి పంపించాను."

"మా వదినకి తీసినట్టు తియ్యలేరా?" అని మరదలు అడిగింది.

"ఆవిడది తొందరగా దొరికింది." డాక్టరమ్మ పాత కాగితాలు తిరగేసింది. "మీరు రెండేళ్ళు ఎందుకు రాలేదండీ?"

మీటరక్క నోరు తెరిచింది. ఆవిడ మాట బయటికి వచ్చేలోపే చిన్నోడు అందుకున్నాడు.

"బద్ధకం డాక్టర్. మా అక్క పోరుతూనే ఉంది. నేనే వినలేదు."

మరదలు వాడికేసి చూసింది. మీటరక్క తలవంచుకుంది. అప్పుడు అనాల్సిన మాట అనలేదు. కాదు, నేనే వద్దన్నానని ఒక్క ముక్క అంటే అయిపోయేది. అనలేకపోయింది. తమ్ముడు కప్పిన దుప్పటి కింద దాక్కుంది, ఇంకెవరికీ చెప్పుకోలేని సిగ్గు అది.

ముక్కల్లో ఒక్కచోట కాదు, మరో మూడుచోట్ల చెడు కనబడింది. ఇలాంటప్పుడు గడ్డ ఒక్కటే తీసి సరిపెట్టుకోవడం కుదరదని, పెద్దపేగు మొత్తం తీసేసి పొట్ట మీద సంచీ పెట్టాలని చెప్పారు. మరదలు ముఖం పాలిపోయింది. చిన్నోడు మాత్రం, "మంచిదేగా! ఇంక మూలమీద పెద్దావిడ గడియ తియ్యక్కర్లేదు" అన్నాడు. ఆపరేషనుకి తేదీ కూడా ఇచ్చారు. ముందుగా ఒళ్ళంతా స్కానింగ్ తీస్తే కాలేయంలో మచ్చలు తేలాయి. ఆపరేషను ఆపేశారు. సెలైన్ గొట్టాల్లోంచి మందు ఎక్కించడం మొదలుపెట్టారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మీటరక్క అప్పుడు పరుగులు పెట్టింది. పొద్దున్నే రెండువైపుల వీధులూ తిరిగి, మధ్యాహ్నం ఆసుపత్రికి పోయి వాడి మంచం పక్కన కూర్చునేది. అడ్డమైనవాళ్ళనీ అడిగి వేరే డాక్టర్ల దగ్గరికి కాగితాలు పట్టుకెళ్ళింది. అందరూ ఒకటే చెప్పారు. మరదలు ఉద్యోగం నుంచి వచ్చేలోపు ఆ రెండు గంటలు వాళ్ళిద్దరివే.

"నిజం చెప్పేస్తాన్రా నీ పెళ్ళానికి" అంది ఒకరోజు.

"ఏం నిజం?"

"నేనే వద్దన్నానని."

చిన్నోడు గోడకేసి తిరిగి పడుకున్నాడు. "నువ్వు చెప్పావు, నేను విన్నాను. రెండోసారి నువ్వు చెప్పలేదు కదా, నేనే ఎగ్గొట్టాను. అది నీ ఖాతాలో వేసుకోకు" అన్నాడు. ఇటు తిరిగి, "నువ్వు మాత్రం నీది ఎగ్గొట్టకు. ఆర్నెల్లయింది" అన్నాడు.

"నువ్వు లేచాక ఇద్దరం కలిసి వెళ్దాం."

వాడు సరేనన్నాడు. లేవననీ వాడికి తెలుసు, లేవడనీ ఆవిడకి తెలుసు.

ఏడు నెలలు బతికాడు. మనిషి సగమైపోయాడు. చివరి వారం పొట్ట నీరు పట్టి ఉబ్బింది, కాళ్ళు పుల్లలయ్యాయి. పదేళ్ళ వయసులో జ్వరమొస్తే ఎలా చెయ్యి పట్టుకునేవాడో అలాగే పట్టుకున్నాడు. ఒక మధ్యాహ్నం, మరదలు ఒకవైపూ అక్క ఒకవైపూ ఉండగా, ఊపిరి వదిలి మళ్ళీ తీయలేదు. మీటరక్క అరవలేదు. మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఇద్దరు నర్సులు వచ్చి లేపాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఆవిడ పనికి వెళ్ళింది, రీడింగులు రాసింది, ఎవరైనా పలకరిస్తే పలికింది. నవ్వడం మానేసింది. ఆసుపత్రి నుంచి చూపించుకోడానికి రమ్మని ఫోన్ వస్తే ఎత్తలేదు, కాగితం వస్తే చింపి పారేసింది. వాడికి దక్కనిది తనకెందుకు? తన గడ్డ బొబ్బలా లేచి, వాడిది లేవకపోవడం ఏ దేవుడి న్యాయం? ఉంటే ఉండనీ, ఇంకొకటి లేస్తే లేవనీ అనుకుంది. తనని తాను చంపుకునే ధైర్యం లేక, గడ్డకి ఆ పని అప్పగించిందన్నమాట.

రెండు నెలలు గడిచాయి. ఒక ఉదయం తలుపు తీస్తే ఎదురుగా మరదలు. చేతిలో సీసా ఉంది. గొట్టం వేసే ముందురోజు తాగే మందునీళ్ళు.

"రేపు తొమ్మిదింటికి రమ్మన్నారు. నేనే ఫోన్ చేసి తేదీ తీసుకున్నాను. తాగండి వదినా."

"నాకొద్దమ్మాయ్."

"తాగండి."

గొంతులో బతిమాలడం లేదు, కసరడం కూడా లేదు. టికెట్టు చించి ఇచ్చినట్టు గ్లాసులో పోసి ఇచ్చింది. సాయంత్రం దాకా ఎదురుగా కూర్చుని మొత్తం తాగించింది. ఇద్దరి మధ్యా పది మాటలు కూడా నడవలేదు.

మర్నాడు మత్తు దిగేసరికి డాక్టరమ్మ మంచం పక్కనే నిలబడి ఉంది.

"పేగు శుభ్రంగా ఉందండీ. పాత గడ్డ తీసిన చోట మచ్చ తప్ప ఏమీ లేదు. మళ్ళీ ఏడాదికి రండి, ఆర్నెల్లకి అక్కర్లేదు."

ఏ మనిషైనా సంతోషించే మాట. మీటరక్కకి కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది. ఇలాంటి కబురు వస్తే ముందుగా ఫోన్ చేసేది వాడికే. బయట బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది గానీ ఏడుపు ఆగలేదు. మరదలు ఆవిడ చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టి, పక్కన కూర్చుంది.

"అమ్మాయ్, నేనొకటి చెప్పాలి. ఆ ఏడు వాడు..."

"తెలుసు వదినా."

మీటరక్క చెంగు మొహం మీంచి తీసింది.

"పోయే ముందు చెప్పారు. మొదటిసారి వద్దన్నది మీరేనని. మీతో అననని ఒట్టు వేయించుకున్నారు." మరదలు ఎదురుగా గోడకేసి చూస్తూ మాట్లాడుతోంది. "మీరే వచ్చి చెప్తారేమోనని ఈ రెండు నెలలూ చూశాను."

నడవాలో ఎవరో చక్రాల కుర్చీ తోసుకుంటూ వెళ్ళారు. అది మలుపు తిరిగేదాకా ఇద్దరూ ఆగారు.

"మరి నన్నెందుకు తీసుకొచ్చావ్?"

"ఆయన తీసుకెళ్ళమన్నారు. అక్క ఒక్కతే వెళ్ళదు, నువ్వు పక్కనుండు అన్నారు. అందుకొచ్చాను." మరదలు మొదటిసారి ఆవిడకేసి తిరిగింది. "నాకు మీ మీద కోపం పోలేదు వదినా. పోతుందో లేదో కూడా తెలీదు. మీకు శుభ్రంగా ఉందని డాక్టరమ్మ బయటికొచ్చి చెప్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన ఉంటే ఎగిరి గంతేసేవారు, అదీ తెలుసు."

మీటరక్క ఆమె చెయ్యి పట్టుకోబోయి ఆగింది. మరదలు చెయ్యి ఇవ్వలేదు. లేచి సంచీ భుజాన వేసుకుంది.

"మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు?"

"ఏడాదికి."

"తేదీ చూసి చెప్పండి. నేను ముందే సెలవు పెట్టుకోవాలి."

మీటరక్క చేతిలోని కాగితం మడత విప్పింది. అంకెలు అలుక్కుపోయి కనిపించాయి. ఎంత రెప్పలార్పినా నిలవలేదు. మరదలు కాసేపు చూసి, చెయ్యి చాపి కాగితం తీసుకుని, తనే చదువుకుంది.